ఓడ ఎక్కకముందే పరిచయం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శిగారు నాకు పదిహేను నిమిషాలిచ్చారు. "మనవాళ్ళు పదిమంది దాకా కలిసి ఓడ ప్రయాణం చేద్దామనుకుంటున్నారు, మీరు వెళ్ళొచ్చారు కదా, నాలుగు ముక్కలు చెప్పండి" అన్నారు. ముందు వరసలో లెక్కల మాస్టారు కూర్చున్నారు కాబట్టి అంకెలు ఒళ్ళు దగ్గర పెట్టుకుని చెప్తాను.

ఓడ ప్రయాణం మనకి కొత్తదేమీ కాదు. మన తాతల కాలంలో కాకినాడలోనూ విశాఖపట్నంలోనూ స్టీమరెక్కి రంగం వెళ్ళిన కుటుంబాలు ఈ చుట్టుపక్కల చాలా ఉన్నాయి. రంగూన్‌ని మనవాళ్ళు రంగం అనే అన్నారు. వాళ్ళది కూలి కోసం చేసిన ప్రయాణం. డెక్కు మీద చాప పరుచుకుని, మేస్త్రీ వెనకాల, ఊరివాళ్ళతో జట్టు కట్టి వెళ్ళేవారు. సరదా కోసం ఓడలో భూగోళం చుట్టి రావడం డబ్బున్నవాళ్ళ సంగతి. 1922 నవంబరులో న్యూయార్కు నుంచి లకోనియా అనే ఓడ అలా బయల్దేరి, మర్నాటి ఏడాది తిరిగొచ్చింది. ఇప్పుడు అలాంటి ప్రయాణాలు ఏటా పలు కంపెనీలు వేస్తున్నాయి. మూడు నాలుగు నెలలు పడుతుంది. అంతా కొనక్కర్లేదు, మధ్యలో ఒక ముక్క కొనుక్కోవచ్చు.

మేం ఎక్కింది అంత పెద్దది కాదు. కిందటేడు ఏప్రిల్లో, అమెరికాలో మా అబ్బాయి దగ్గరున్నప్పుడు, ఫ్లోరిడాలో ఎక్కి, పనామా కాలవ దాటి, కాలిఫోర్నియాలో దిగాం. పదహారు రోజులు. ఇందులో ఒక కిటుకుంది. చలికాలమంతా కరీబియన్ సముద్రంలో తిరిగే ఓడలు కొన్ని వేసవికి అలాస్కా వైపు పోతాయి. అక్టోబరు ప్రాంతాల మళ్ళీ ఇటు వస్తాయి. ఎలాగూ పోవాల్సిన ఓడ కాబట్టి జనాన్ని ఎక్కించుకుని పోతుంది. రోజుల లెక్కన చూస్తే టికెట్టు సాధారణంగా చౌకగా పడుతుంది. రేవులు తక్కువ, వట్టి సముద్రం ఎక్కువ. నీళ్ళు చూస్తూ కూర్చోలేని వాళ్ళకి ఇది పడదు. అలాంటివాళ్ళు ముందు ముంబయిలోనో చెన్నైలోనో రెండు మూడు రాత్రుల ఓడ ఎక్కి చూసుకోండి. మన విశాఖ రేవులోనూ 2023లో క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభించారు.

గది ఓడ మధ్యలో, కింది అంతస్తుల్లో తీసుకుంటే ఊపు తక్కువ తెలుస్తుంది. ఒక్కళ్ళే వెళ్తే చాలా ఓడల్లో దాదాపు ఇద్దరి డబ్బూ కట్టాలి. ఇది అన్యాయమే గాని గదికి లెక్క అంటారు వాళ్ళు. మన బ్యాచ్‌లో ఒంటరిగా మిగిలినవాళ్ళు నలుగురున్నారు, జంటలు కట్టుకుని గదులు పంచుకోండి. గురక సంగతి ముందే మాట్లాడుకోండి.

పాస్‌పోర్టు గడువు దిగే రోజు తరవాత కూడా ఆరు నెలలుండాలి. మనది భారత పాస్‌పోర్టు గనక ఓడ ఆగే దేశాలన్నిటికీ వీసా సంగతి విడివిడిగా కనుక్కోవాలి. "నేను ఓడ దిగను, గదిలోనే ఉంటాను" అంటే కుదరకపోవచ్చు, వీసా లేదని రేవులోనే ఆపేస్తారు. ఐరోపాలో షెంగెన్ దేశాల నుంచి బయటికెళ్ళి మళ్ళీ లోపలికొచ్చే ఓడైతే ఒక్క ప్రవేశం వీసా చాలదు, పలుమార్లు వెళ్ళే వీసా ఉండాలి.

ఇంకొకటి, దీన్ని చాలామంది పట్టించుకోరు. కొలంబియా, పనామా, బ్రెజిల్ లాంటి దేశాల్లో ఎల్లో ఫీవర్ ఉంది. ఆ దేశాలు వదిలిన ఆరు రోజుల లోపల మన దేశంలో దిగితే, టీకా వేయించుకున్న పసుపు కార్డు చూపించాలి. లేకపోతే ఆరు రోజుల దాకా విడిగా ఉంచుతారు. టీకా వేయించుకున్న పది రోజులకి గాని కార్డు చెల్లదు. 2016 నుంచి ఆ కార్డు జీవితాంతం చెల్లుతుంది. హైదరాబాదులో నారాయణగూడ ఐపీఎంలో వేస్తారు. అయితే అరవై దాటినవాళ్ళకి ఆ టీకాతో ప్రమాదం కొంచెం ఎక్కువ, అంచేత డాక్టరుతో మాట్లాడకుండా వేయించుకోవద్దు. ఈ సంగతి మాకు చెప్పింది ఏజెంటు కాదు, మాతో అదే ఓడ ఎక్కబోయే ఒక రిటైర్డు నర్సమ్మ. ఆవిడది కెనడా. అప్పటికి ఆవిడ మొహం కూడా మేం చూడలేదు.

ఇక అసలు విషయానికొస్తాను.

ఇప్పుడు దూర ప్రయాణాల ఓడలకి ఒక అలవాటుంది. టికెట్టు కొన్నవాళ్ళు కొందరు, ఓడ బయల్దేరడానికి ఆరేడు నెలల ముందే ఒకళ్ళనొకళ్ళు వెతికి పట్టుకుని ఫోన్లో గ్రూపు కడతారు. మా గ్రూపులో నలభై ఒక్క మంది చేరారు. పేరు, ఊరు, ఎన్నో ఓడ ప్రయాణం, ఏం ఇష్టం, ఇవి రాసుకుంటారు. నెలకోసారి వీడియోలో కలుస్తారు. ఓడ ఎక్కాక రేవు లేని మొదటి రోజు పొద్దున పదింటికి ఫలానా హాల్లో కలుద్దామని ఓడవాళ్ళకి ముందే రాస్తే, వాళ్ళు చోటిచ్చి కాఫీ కూడా పోస్తారు. మాకు కాఫీతో పాటు ఒక ఆఫీసరొచ్చి రెండు మంచి మాటలు చెప్పి వెళ్ళాడు. ఆ రోజు వచ్చింది ఇరవై ఎనిమిది మంది. అందరికంటే ఎక్కువ మెసేజీలు పెట్టినాయన రాలేదు. పదహారు రోజుల్లో ఆయన మాకు ఎక్కడా కనబడలేదు!

దీనివల్ల లాభమేమిటంటే, ముందు డబ్బు. రేవులో ఊరు చూపించడానికి ఓడవాళ్ళు తలకింతని తీసుకుంటారు. ఎనిమిది మంది కలిసి బయట ఒక వ్యాను మాట్లాడుకుంటే అంతకంటే బాగా తక్కువలో అయిపోతుంది. కార్టజీనాలో మేం అలాగే చూశాం, పాత కోట గోడల మీద నడిచాం. కాకపోతే ఓడవాళ్ళ యాత్రకి వెళ్ళినవాళ్ళు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, సొంత వ్యానులో వెళ్ళినవాళ్ళ కోసం ఆగదు. మన రైలు లాగే. గడియారం ఓడ టైములోనే ఉంచుకోవాలి. ఊరి టైము వేరేగా ఉండొచ్చు. మా వ్యానులో ఒక స్కాట్లండు ఆయన ఉండేవాడు, ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపి రిటైరయ్యాడు. గంటన్నర ముందే అందరినీ ఓడ దగ్గర దింపించేవాడు. ఆయన మీద విసుక్కున్నవాళ్ళూ ఉన్నారు, నేను మాత్రం కాదు.

ఇప్పుడు చెప్పబోయేది మా ఆవిడ అనుమతి తీసుకునే చెప్తున్నాను. ఆవిడ మీకందరికీ తెలుసు, మనకంటే రెండు క్లాసులు కింద చదివింది, పద్యాల పోటీలో ప్రతి ఏడూ బహుమతి తనదే. అక్కడ ఐదో వరసలో కూర్చుంది. మూడేళ్ళ కిందట తనకి మతిమరుపు జబ్బు మొదలైందని డాక్టర్లు తేల్చారు. తొలి దశ. నిన్న తిన్నది గుర్తుండదు, తెలిసిన వీధిలో దారి తప్పుతుంది. ఓడ ఎక్కాలన్న కోరిక తనదే. "ఇంకా తెలుస్తుండగానే చూపించండి" అంది.

గ్రూపులో పేర్లు రాసేటప్పుడు ఈ సంగతి రాయాలా వద్దా అన్నది ఇంట్లో పెద్ద చర్చ. మా అమ్మాయి వద్దంది. ముక్కూమొహం తెలియనివాళ్ళకి అమ్మ జబ్బు గురించి ఎందుకు, జాలిగా చూస్తారు, అమ్మ అది పసిగడుతుంది అని దాని బాధ. అబ్బాయి ఓడ డాక్టరుకి మాత్రం రాద్దామన్నాడు. నాకు రాయడమే మంచిదనిపించింది గాని, అది నా జబ్బు కాదు కదా, నేను తేల్చేది కాదు. రెండు రోజులు ఎవరూ ఏమీ మాట్లాడలేదు. మూడో రోజు తనే అంది: "నేను తప్పిపోతే నన్ను వెతికేది ఆ ఓడలో వాళ్ళు. వాళ్ళకి చెప్పకుండా ఇంకెవరికి చెప్తారు?"

రాయించింది కూడా తనే. నేను ఇంగ్లీషులోకి పెట్టి పంపాను. నా పేరు ఇది, నా గది నంబరు ఇది, నేను దారి మర్చిపోతుంటాను, ఎక్కడైనా నిలబడిపోయి కనబడితే పేరు పెట్టి పిలవండి, చెయ్యి పట్టుకోవద్దు, టీ ఇస్తానంటే వస్తాను. కింద తన ఫొటో.

గంటసేపు గ్రూపులో ఒక్క ముక్క లేదు. ఆ గంట మా అమ్మాయి నా వైపు చూడలేదు. తరవాత కెనడా నర్సమ్మ రాసింది, "టీలో పాలు ఎక్కువా తక్కువా?" అని. ఆ వెనకాల ఇంకో ముగ్గురు తమ సంగతులు రాశారు. ఒకాయనకి వినబడదట, ఎడమ పక్కన కూర్చోవద్దన్నాడు. ఒకావిడ భర్త పోయి నాలుగు నెలలైందట, ఇద్దరికీ కొన్న టికెట్టు మీద ఒక్కతే వస్తోందట. భోజనాల బల్ల దగ్గర కుర్చీ ఖాళీగా ఉంటే చూడలేనంది. మా బల్లకి రమ్మన్నాం.

ఓడ ఎక్కిన ఆరో రోజు మధ్యాహ్నం నేను కునుకు తీశాను. తను లేచి బయటికెళ్ళింది. ఓడలో నడవలు చూడాలి మీరు, ఇటు చివర నిలబడితే అటు చివర మనిషి చీమలా కనిపిస్తాడు, తలుపులన్నీ ఒకటే రంగు, పై అంతస్తూ కింది అంతస్తూ ఒకేలా ఉంటాయి. తను రెండంతస్తులు పైకెళ్ళి, సరిగ్గా మా గది ఉండాల్సిన చోట ఉన్న తలుపుకి కార్డు పెట్టి, తెరుచుకోకపోతే కొట్టడం మొదలెట్టిందట. లోపల వాళ్ళెవరో ఏదో అన్నారట. నాకు మెలకువ వచ్చేటప్పటికి ఫోన్లో ఒక ఫొటో ఉంది. మా ఆవిడ, బస్సాయన, మధ్యన రెండు టీ కప్పులు. "తొందరేం లేదు, తీరిగ్గా రా, మేం కబుర్లలో ఉన్నాం" అని రాశాడు. ఆయన భాష నాకే సగం అర్థం కాదు, తనకేం అర్థమైందో! వెళ్ళి చూస్తే తను తెలుగులో చెప్తోంది, ఆయన స్కాట్లండు ఇంగ్లీషులో జవాబులిస్తున్నాడు.

పనామా కాలవ గురించి చెప్పకుండా వదలను. 1914లో తెరిచారు, పొడవు 82 కిలోమీటర్లు. పొద్దున లోపలికెళ్ళిన ఓడ సాయంత్రానికి అవతలి సముద్రంలో ఉంటుంది. కొండని పూర్తిగా తవ్వి సముద్రాలు రెండూ కలపలేదు. గాటూన్ దగ్గర మూడు మెట్లుగా ఓడని 26 మీటర్లు పైకి లేపి, ఒక పెద్ద మంచినీళ్ళ చెరువులో వదిలి, అవతల మళ్ళీ దింపుతారు. పంపులు లేవు, నీళ్ళు పల్లానికి పారడమే. ఎలా లేపుతారని అక్కడ గైడు మైకులో పావుగంట చెప్పాడు. మన కాలవ గట్టున పుట్టినవాళ్ళకి ఆ పాఠం అక్కర్లేదు. అవి లాకులే. ధవళేశ్వరంలో ఉన్నట్టే, కాకపోతే ఒక్కో తొట్టి 305 మీటర్ల పొడవు, ముప్ఫై మూడున్నర మీటర్ల వెడల్పు. మా ఓడకి రెండు పక్కలా రెండేసి అడుగుల సందు కూడా మిగల్లేదు. గోడలకి రాసుకోకుండా గట్టు మీద పట్టాలెక్కిన ఇంజన్లు ఇనప తాళ్ళతో పట్టుకుని ఓడ పక్కన నడుస్తాయి.

ముందు డెక్కు మీద మా బల్లవాళ్ళమంతా నిలబడ్డాం. తను ఆ ఇంజన్లని చూసింది. చూసి, చిన్నప్పుడు అమ్మమ్మగారింటికి పడవలో వెళ్ళినప్పటి సంగతి ఎత్తుకుంది. గాలి లేనప్పుడు పడవవాళ్ళు గట్టు మీద తాడు భుజానేసుకుని లాగడం, లాకుల దగ్గర పడవ ఆగితే జంతికలమ్మే ముసలావిడ, తలుపు తెరిచేటప్పటి చప్పుడు, నీళ్ళు ఎక్కుతుంటే గట్టు మీది మనుషులు కిందికి దిగుతున్నట్టు కనబడటం. పేర్లతో సహా. ఆ పొద్దున ఏం తిన్నామో తనకి గుర్తులేదు. నేను ఇంగ్లీషులో చెప్తుంటే అందరూ గైడుని వదిలేసి ఇటు తిరిగారు. ఒక్కతే వచ్చినావిడ, "తాడు లాగేవాళ్ళు పాటలు పాడేవారా?" అని అడిగింది. "పాడకపోతే ఎలా లాగుతారు?" అంది మా ఆవిడ.

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. మన ప్రయాణం సంగతి రెండు ముక్కల్లో ముగిస్తాను. పేర్లు ఇచ్చేవాళ్ళు భోజనాల దగ్గర నాకివ్వండి. గ్రూపు ఈ నెలలోనే కడదాం. మన గ్రూపులో గుడ్ మార్నింగ్ పువ్వులు పెట్టకూడదు, అది మొదటి షరతు. మోకాళ్ళు, చక్కెర, గుండె, చెవి, మతి, ఎవరికేముంటే అది రాయండి. యాభై ఏళ్ళ నుంచి తెలిసినవాళ్ళమే గాని ఈ సంగతులు మనలో ఒకళ్ళవి ఒకళ్ళకి తెలియవు. శాకాహారం, ఉల్లి వెల్లుల్లి పట్టింపులు కూడా రాస్తే ఓడవాళ్ళకి ముందే పంపిస్తాను. అక్కడికెళ్ళి అడిగితే ఉడకబెట్టిన కూరముక్కలు పెడతారు.

లెక్కల మాస్టారు కూడా వస్తానంటున్నారు. ఎనభై ఎనిమిదేళ్ళు. ఆ వయసులో ఇన్సూరెన్సు దొరకడం కష్టం, కనుక్కుంటాను మాస్టారూ. ఐదో వరసలో మా ఆవిడ చెయ్యి ఎత్తింది, తనకేదో చెప్పాలని ఉన్నట్టుంది. మైకు అక్కడికి పంపించండి.