ఆకాశం మనకెందుకు అనొద్దు

(వాడలో జరిగిన విద్యా సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వాడలో ఒక ఆడపిల్ల బి.ఎస్సీ. పాసయ్యింది. ఫిజిక్సులో ఎం.ఎస్సీ. చేసి అంతరిక్ష పరిశోధనలోకి పోతానంటోంది. ఇంట్లోవాళ్లేమో "ఆకాశం మనకెందుకమ్మా, బి.ఇడి. చేసి టీచరమ్మవైతే చాలు" అంటున్నారు. వాళ్లను మేము తప్పుపట్టం. కూలి డబ్బులతో చదివించినోళ్లకు రేపటి భయం ఉంటది. కానీ "మనకెందుకు" అనే మాట మనం పుట్టించింది కాదు. తరతరాలుగా మనచేత అనిపించిన మాట అది.

మేఘనాద్ సాహా కథ వినండి. 1893లో ఢాకా దగ్గర ఒక పల్లెలో పుట్టాడు. తండ్రిది చిన్న కిరాణా కొట్టు. ఎనిమిదిమంది పిల్లల్లో ఈయన ఐదోవాడు. ఊళ్లో పైచదువుకు బడి లేదు. పక్క ఊరి డాక్టరు ఒకాయన ఇంట్లో ఉంచుకొని అన్నం పెట్టాడు. బదులుగా ఈ పిల్లవాడు తన కంచం తనే కడుక్కునేవాడు, ఆవును చూసేవాడు. జనపనార మిల్లులో పనిచేసే అన్న తన జీతంలో కొంత పంపేవాడు. ఢాకాలో చదివేటప్పుడు 1905లో గవర్నరు రాకను బహిష్కరించినందుకు బడి నుంచి తీసేశారు, స్కాలర్‌షిప్ పోయింది. ఇంకో బడిలో చేరి చదివాడు.

తర్వాత కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీ. సాహాలది మనలాగా అంటరాని కులం కాదు. అయినా పెద్దకులాలవాళ్లకు చిన్నచూపే. హాస్టల్లో ఈయన పక్కన కూర్చుని తినమన్నారు. సరస్వతీ పూజకు రానివ్వలేదు. చదువుల తల్లి పూజకు చదువుకునేవాడే పనికిరాలేదు! ఆ హాస్టల్ ఎట్లా ఉంటదో మనకు వేరే చెప్పాల్సిన పని లేదు.

ఆయన చేసిన పని ఏంటి? నక్షత్రాల వెలుగును గాజుపట్టకం గుండా చూస్తే రంగుల మధ్య నల్ల గీతలు కనపడతయి. ఒక చుక్కలో ఉన్న గీతలు ఇంకో చుక్కలో ఉండవు. ఎందుకో అప్పటిదాకా సరిగ్గా తేలలేదు. సాహా 1920లో లెక్క కట్టి చెప్పాడు: తేడా ముఖ్యంగా పదార్థంలో కాదు, వేడిలోనూ ఒత్తిడిలోనూ ఉంది. పొయ్యి మీద నీళ్లు మరిగి ఆవిరైతే అది కొత్త పదార్థమా? కాదు గదా. అట్లాగే వేడి పెరిగితే అణువు నుంచి ఎలక్ట్రాన్ ఊడిపోతది, దాని గీతలు మారిపోతయి. ఎంత వేడికి ఎంత భాగం అట్లా మారుతుందో ఆయన సమీకరణం చెపుతుంది. దాంతో నక్షత్రం వేడి ఎంతో ఇక్కడ కూర్చునే లెక్కించొచ్చు. అప్పటికి ఆయన వయసు ఇరవయ్యేడు నిండలేదు.

ఆ సమీకరణాన్నే పట్టుకొని సిసిలియా పేన్ అనే అమ్మాయి 1925లో నక్షత్రాల్లో ఎక్కువ భాగం హైడ్రోజనేనని లెక్క తేల్చింది. ఆమె చదివిన కేంబ్రిడ్జి ఆడవాళ్లకు డిగ్రీ ఇవ్వని కాలమది. ఒక పెద్దాయన కాదన్నాడని, ఆ ఫలితం నిజం కాకపోవచ్చని తన పుస్తకంలో తనే రాయాల్సొచ్చింది. తర్వాత ఆమె మాటే నిజమైంది.

ఇక మన సంగతి. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి ఆదిత్య-ఎల్1 బయల్దేరింది. సాహా ఏ సూర్యుడి పొర గురించి రాశాడో ఆ పొరను ఫొటో తీసే దుర్భిణి అందులో ఉంది. శ్రీహరికోట ఒకప్పుడు యానాదులుండే దీవి. రాకెట్ కేంద్రం కోసం వాళ్లను అక్కణ్ణించి కదిలించారు. నేల ఇచ్చినోళ్ల పిల్లలు గేటు బయట నిలబడి పొగ చూడటంతో సరిపెట్టుకోవాలా? లోపల లెక్కలు కట్టే కుర్చీలో కూర్చోవాలి.

దారి ఉంది. బి.ఎస్సీ. తర్వాత జామ్ పరీక్ష రాసి ఐ.ఐ.టి.లో ఎం.ఎస్సీ. చేయొచ్చు. యూనివర్సిటీలోనూ చేయొచ్చు. ఆ తర్వాత నెట్, జెస్ట్, గేట్ పరీక్షలు. అహ్మదాబాదు పి.ఆర్.ఎల్., పుణె ఐయూకా, బెంగుళూరు ఖగోళ భౌతిక సంస్థ, తిరువనంతపురం అంతరిక్ష విద్యాసంస్థ, ఇవన్నీ పిహెచ్.డి. చేసే చోట్లు. జె.ఆర్.ఎఫ్. వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు. ఎస్సీ విద్యార్థులకు వేరే జాతీయ ఫెలోషిప్ కూడా ఉంది. అంటే పరిశోధన చేసే పిల్ల ఇంటికి బరువు కాదు.

బరువంతా మధ్యలో వచ్చే రెండేళ్లది. పరీక్ష ఫీజు, రైలు టిక్కెట్టు, పుస్తకాలు, హాస్టల్ అడ్వాన్సు. మన పిల్లలు ఆగిపోయేది అక్కడే, తెలివి చాలక కాదు. సాహాకు ఆ మెట్టు దగ్గర ఒక డాక్టరు, ఒక అన్న నిలబడ్డారు. ఈ పిల్లకు సంఘం నిలబడాలి. కార్యకర్తలు దరఖాస్తు తేదీలు ఊరూరా చెప్పాలి. కులం సర్టిఫికెట్టు కోసం పిల్లను ఆఫీసు చుట్టూ తిప్పుతుంటే నలుగురు కలిసి పోయి అడగాలి. రిజర్వేషన్ సీటు ఖాళీగా మిగిలితే ఎందుకు మిగిలిందో అడగాలి.

రెండేళ్లు ఓపిక పట్టమని ఆ తల్లిదండ్రులను మేము కోరుతున్నాం. ఖర్చులో ఎంత పంచుకుంటారో సభలో ఉన్నవాళ్లు ఇప్పుడే చెప్పండి. చందా పుస్తకం ఇక్కడే ఉంది. మొదటి పేరు మేమే రాస్తున్నాం.

జై భీమ్!