వెనక దిగిన పికప్‌కు ఇంకో పట్టీ వేస్తే సరిపోతుందా?

బళ్లారి మార్కెట్ యార్డు దగ్గర ఆగి ఉన్న పికప్‌లను పక్క నుంచి చూస్తే, సరుకు దించేసిన తర్వాత కూడా తోక కిందికి వంగి, ముక్కు పైకి లేచి ఉన్న బండి ఒకటైనా కనబడుతుంది. వెనక ఎత్తు పోయిందన్నమాట. కమాన్ షాపుకు తీసుకెళ్తే సాధారణంగా వినబడే మాట ఒకటే, "ఇంకో పట్టీ వేద్దాం." ఖర్చు తక్కువ, గంటలో పని అయిపోతుంది, బండి కళ్ల ముందే లేస్తుంది. అయినా ఆ వైద్యం వేరే రోగానికి. పోయింది కమాన్ కట్ట (పట్టీలు పేర్చి బిగించిన స్ప్రింగు) గట్టితనం కాదు, దాని వంపు. పోయినదాన్నే తిరిగి తెచ్చుకోవాలి తప్ప, పోనిదాన్ని పెంచుకుంటూ పోకూడదు. ఈ వీడియోలో చెప్పదలచుకున్నది ఇదే. ఎందుకో లెక్కతో సహా చూద్దాం.

"కమాన్ మెత్తబడింది" అని అందరం అంటాం. నిజానికి ఉక్కు అలా మెత్తబడదు. ఉక్కు వంగడానికి ఎంత ఎదురు తిరుగుతుందో చెప్పే గుణకం సుమారు 200 గిగాపాస్కల్. పదేళ్లు తిరిగిన పట్టీలోనూ, నిన్న ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పట్టీలోనూ అది దాదాపు ఒకటే. పట్టీ విరిగితేనో, తుప్పు పట్టి పలచబడితేనో తప్ప కట్ట గట్టితనం తగ్గదు. మరి ఎత్తు ఎందుకు పోయింది? భరించగలిగిన హద్దు దాటి వంచినప్పుడు ఉక్కు పూర్తిగా వెనక్కి రాదు, కొంచెం అలాగే ఉండిపోతుంది. ఆ కొంచెం వందల గుంతల్లో పోగుపడి పట్టీ చదునవుతుంది. నమ్మకం కలగకపోతే చిన్న పరీక్ష చేసి చూడండి. ఖాళీ బండి వెనక చక్రం మధ్య నుంచి పైనున్న బాడీ అంచు దాకా కొలవండి. 50 కిలోల సిమెంటు బస్తాలు పది, సరిగ్గా వెనక యాక్సిల్ మీదకు వచ్చేలా పెట్టి మళ్లీ కొలవండి. అదే మోడల్‌లో కొత్త బండికి కూడా ఇలాగే చేయండి. రెండూ దాదాపు సమానంగా కుంగితే మీ కమాన్ గట్టితనం చెక్కుచెదరలేదు, మొదలైన చోటే కిందికి జారింది.

ఇప్పుడు ఈ లెక్క చూడండి, అంకెలు ఉదాహరణకే. ఒక వైపు కట్ట మిల్లీమీటరు కుంగడానికి 8 కిలోలు కావాలనుకుందాం. ఖాళీగా దాని మీద 250 కిలోలు పడితే 31 మిల్లీమీటర్లు, నిండు లోడులో 800 కిలోలు పడితే 100 మిల్లీమీటర్లు కుంగుతుంది. వంపులో 40 మిల్లీమీటర్లు పోయాయి. ఐదు పట్టీల కట్టకు అదే కొలతల పట్టీ ఇంకొకటి కలిపితే గట్టితనం సుమారు ఐదో వంతు పెరుగుతుంది, అంటే మిల్లీమీటరుకు 9.6 కిలోలు. నిండు లోడులో కుంగుడు 83కు తగ్గుతుంది, 17 మిల్లీమీటర్లు దక్కాయి. ఖాళీగా దక్కింది 5 మిల్లీమీటర్లే! మందం పట్టీ వేస్తే ఇంకా లేస్తుంది కదా అంటారా? గట్టితనం మందానికి ఘనంలో పెరుగుతుంది. పట్టీ మందం పది శాతం ఎక్కువైతే దాని గట్టితనం 33 శాతం ఎక్కువ. ఖాళీగానో, తక్కువ సరుకుతోనో వెళ్లేటప్పుడు వెనక చక్రాలు గతుకుల మీద ఎగిరెగిరి పడడానికి, టమాటా బుట్టలు నలగడానికి, బాడీ బోల్టులు వదులు కావడానికి కారణం ఇదే. కొత్త పట్టీకి బాగా వంపు పెట్టి వేస్తే పాత కట్టను కూడా పైకి లాగుతుందన్న వాదన ఉంది, అది నిజమే. కానీ అప్పుడు భారంలో పెద్ద వాటా ఆ ఒక్క పట్టీ మీదే పడుతుంది. చదునైన పాత పట్టీలు ఊరికే ఉంటాయి, కొత్తది ముందు విరుగుతుంది.

బళ్లారి వైపు వంపు ఎందుకింత త్వరగా పోతుందో కూడా అర్థం చేసుకోవాలి. ఇదే బండి ఒక రోజు ఎండుమిర్చి, ఇంకో రోజు సిరుగుప్ప నుంచి బియ్యం, మరో రోజు ఇనుప ఖనిజం మోస్తుంది. మిర్చి బస్తాలు బాడీ నిండి పైకి పేర్చినా బరువు హద్దులోనే ఉంటుంది. ఇనుప ఖనిజం అలా కాదు, ఘనమీటరు రెండు టన్నులు దాటుతుంది. ఎనిమిది అడుగుల పొడవు, ఐదున్నర అడుగుల వెడల్పు ఉన్న బాడీలో ఆరంగుళాల మందాన పరిస్తే చాలు, దాదాపు 1.3 టన్నులు. చూసేవాళ్లకు బండి ఖాళీగానే ఉన్నట్టు ఉంటుంది, కమాన్ మాత్రం హద్దుకు చేరి ఉంటుంది. ఈ జిల్లాకు అధిక లోడు కొత్త విషయమేమీ కాదు. 2011 జులైలో వచ్చిన కర్ణాటక లోకాయుక్త నివేదిక అక్రమ గనుల తవ్వకంతో పాటు ఖనిజం లారీల అధిక లోడును కూడా లెక్కకట్టింది. సండూరు, తోరణగల్లు దారుల్లో కమాన్ల మీద పడేది నిలకడ బరువు మాత్రమే కాదు. నిండు లోడుతో గుంతలో పడిన క్షణాన అది బాగా పెరుగుతుంది. దానికి తోడు ఎర్ర దుమ్ము పట్టీల మధ్య చేరి, వానకు తడిసి తుప్పుతో కలిసి అరగదీస్తుంది.

ఇక్కడ గట్టి అభ్యంతరమే వస్తుంది. "మా బతుకే లోడు మీద. కమాన్ గట్టిగా లేకపోతే కిరాయి ఎలా గిడుతుంది?" బాధ న్యాయమైనదే. అయితే బండి ఎంత మోయాలో తేల్చేది కమాన్ ఒక్కటే కాదు. యాక్సిల్, బేరింగులు, టైర్లు, ఛాసిస్, బ్రేకులు అన్నీ కలిసి తేలుస్తాయి. వీటిలో బ్రేకుల సంగతి చాలామందికి తెలియదు. చాలా పికప్‌లలో ఛాసిస్‌కు, వెనక యాక్సిల్‌కు మధ్య ఒక కడ్డీ, దానికి తగిలించిన బ్రేకు వాల్వు ఉంటాయి. లోడు పడి ఛాసిస్ దిగినప్పుడు ఆ కడ్డీ కదిలి వెనక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడి పంపుతుంది. అదనపు పట్టీ వేసి బండిని కుంగనివ్వకపోతే వాల్వుకు లోడు సంగతి తెలియదు, ఖాళీ బండి అనుకుని వెనక బ్రేకును తగ్గించే ఉంచుతుంది. ఒకటిన్నర టన్నుల బరువుతో ఘాటు దిగుతున్నప్పుడు ఆ తేడా ప్రాణాల మీదకు వస్తుంది. రెండో నష్టం కంటికి సంబంధించినది. తోక దిగడం చూసే డ్రైవరు ఇక చాలంటాడు. పట్టీ కలిపాక తోక దిగదు, ఇంకో పది బస్తాలు ఎక్కుతాయి. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ అధిక లోడుకు 20,000 రూపాయలు, పైగా ప్రతి అదనపు టన్నుకు 2,000 జరిమానా చెబుతోంది. అది కేంద్ర చట్టం. కర్ణాటక, ఆంధ్ర సరిహద్దుకు రెండు వైపులా ఈ సెక్షన్ ఒకటే.

సరే, మరి ఏం చేయాలి? ముందు కొలత. చదునైన నేల, సరైన గాలి, ఖాళీ బండి, రెండు వైపులా కొలత. ఒక వైపే దిగితే అది మామూలు కుంగుడు కాదు. విరిగిన పట్టీ, తెగిన సెంటర్ బోల్టు, అరిగిన షాకిల్ బుష్, పగిలిన బ్రాకెట్, వీటిలో ఏదో ఒకటి ఉంటుంది. పట్టీలకు పగుళ్లు ఉన్నా, చివర్లు తినేసి ఉన్నా మాట్లాడకుండా రెండు వైపులా కట్టలు మార్చేయడమే మేలు. పగుళ్లు లేకుండా రెండు వైపులా సమానంగా దిగితే, కట్ట విప్పించి వంపు తిరిగి పెట్టించండి. "కొట్టించిన వంపు నాలుగు నెలలు నిలవదు" అన్న మాట తరచుగా నిజమే, కానీ తప్పు ఆ పద్ధతిది కాదు, సగం చేసిన పనిది. చల్లని పట్టీని సుత్తితో కొడితే వంపు వస్తుంది, ఆ దెబ్బల గుంటల దగ్గరే తర్వాత పగుళ్లు మొదలవుతాయి. గ్యాసు మంటతో ఒకచోట కాలిస్తే అక్కడ టెంపర్ పోతుంది. సరైన పని ఇలా ఉంటుంది. పట్టీ మొత్తాన్ని కొలిమిలో సుమారు 850 డిగ్రీలకు వేడి చేసి, వంపు పెట్టి, నూనెలో ముంచి, మళ్లీ 400 నుంచి 500 డిగ్రీల మధ్య టెంపర్ చేయాలి. తర్వాత కట్టను మామూలు లోడుకు మించి ఒకసారి ప్రెస్‌లో నొక్కి వదలాలి. కుంగవలసిన కాస్తా అక్కడే కుంగిపోతే, రోడ్డు మీద అంతగా కుంగదు. ఈ సదుపాయం లేని షాపులో వంపు కొట్టించడం కంటే కొత్త కట్ట కొనడం నయం.

ఎత్తు కోసం చేసే మిగతా పనుల గురించి రెండు ముక్కలు. కమాన్ చివరను ఛాసిస్‌కు కలిపే షాకిల్‌ను 50 మిల్లీమీటర్లు పొడిగిస్తే బండి లేచేది సుమారు 25. యాక్సిల్ కోణం మారి ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్లు అరుగుతాయి. యాక్సిల్‌కు, కమాన్‌కు మధ్య దిమ్మ పెట్టినా బ్రేకు, క్లచ్ దెబ్బకు యాక్సిల్ మెలి తిరిగే బలం పెరుగుతుంది. దిమ్మలను ఒకదాని మీద ఒకటి పేర్చడం మరీ ప్రమాదం. కంపెనీ చెప్పిన బరువుకు లోబడి రోజూ నిండు లోడే వేసేవాళ్లకు హెల్పర్ కట్ట పనికొస్తుంది. అది లోడు పడ్డాకే తగులుతుంది, ఖాళీగా ఉన్నప్పుడు బండి మెత్తగానే పోతుంది. అయితే అది కూడా కంపెనీ అమర్చిందో, ఆ మోడల్‌కు కంపెనీ ఒప్పుకున్నదో అయి ఉండాలి.

కట్ట ఏదైనా సరే, తిరిగి బిగించేటప్పుడు పాత యూ బోల్టులు వాడకండి. ఒకసారి సాగిన మరలు మళ్లీ అంత పట్టు ఇవ్వవు. షాకిల్ బుష్ బోల్టులను బండి నాలుగు చక్రాల మీద నిలబడ్డాకే చివరి బిగింపు బిగించాలి, గాలిలో వేలాడుతున్నప్పుడు బిగిస్తే రబ్బరు మెలితిరిగి చినుగుతుంది. మొదటి వెయ్యి కిలోమీటర్లలోపు యూ బోల్టులను మళ్లీ టార్క్ రెంచితో చూసుకోవాలి. ఎత్తు మారింది కాబట్టి బ్రేకు వాల్వు కడ్డీని మాన్యువల్ ప్రకారం సరిచేయించండి, హెడ్‌లైట్ల కోణం కూడా అదే రోజు సరిచేయించుకోండి.