ప్రజ్ఞను ఎవరు కొలుస్తున్నారు? ఆన్‌లైన్ సైకాలజీ పాఠం ముందు మన ప్రశ్నలు

(బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో తెలుగు విద్యార్థుల సమావేశంలో ఒక పరిశోధక విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉన్న కొందరు నన్ను ఒక మాట అడిగారు. సైకాలజీ పరిచయ కోర్సును ఆన్‌లైన్‌లో, ‘స్వయం’లో చదవడం వల్ల ఉపయోగం ఉంటుందా అని. ఉంటుంది, చదవండి. అయితే కొన్ని ప్రశ్నలు చేతిలో పట్టుకుని చదవండి. ఆ ప్రశ్నలేమిటో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచి మన తాతలు ఉత్తరాంధ్ర వైపు నుంచి వచ్చి పట్టాల మీద, షెడ్లలో, పారిశుధ్య పనుల్లో చెమటోడ్చారు. ఇవాళ ఈ ఊరు ఆగ్నేయ మధ్య రైల్వేకి కేంద్రం. గురు ఘాసీదాస్ పేరుతో ఇక్కడ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉంది. అయినా మనసు గురించిన చదువు మన ఇళ్లకు ఏ రూపంలో వచ్చింది? ఆంధ్రలో ఉన్న మన బంధువుల పిల్లల్ని అడగండి. టెట్, డీఎస్సీ మెటీరియల్ రూపంలో వచ్చింది. పావ్‌లోవ్ కుక్క, థార్నడైక్ పిల్లి, స్కిన్నర్ ఎలుక, కోహ్లర్ చింపాంజీ. ఎవరిది ఏ జంతువో గుర్తుంటే ఒక మార్కు. మనిషి ఎక్కడున్నాడని అడిగే తీరిక ఆ చదువులో లేదు.

‘స్వయం’ 2017 జూలైలో మొదలైంది. కోర్సులో చేరడానికి డబ్బు కట్టక్కర్లేదు. సర్టిఫికెట్ కావాలంటే ఫీజు కట్టి, కేంద్రానికి వెళ్లి పరీక్ష రాయాలి. ఎన్‌పీటీఈఎల్ కోర్సుల్లో వారం వారం ఇచ్చే అసైన్‌మెంట్లకు 25 మార్కులు, చివరి పరీక్షకు 75. యూజీసీ 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం వరకు ‘స్వయం’ ద్వారా చదివేందుకు విశ్వవిద్యాలయాలు అనుమతించవచ్చు. అందుకని చేరేముందు మీ కాలేజీ ఆ క్రెడిట్లను కలుపుతుందో లేదో రాతపూర్వకంగా తెలుసుకోండి.

ఈ చదువులో ఒక సుఖం ఉంది. రికార్డయిన పాఠం మీ ఇంటిపేరు అడగదు. ఏ బెంచీలో కూర్చున్నారో చూడదు. అర్థం కాకపోతే పదిసార్లు వెనక్కి తిప్పి వినొచ్చు, నవ్వేవాళ్లుండరు. ఇది చిన్న విషయం కాదు. ఎందుకు కాదో సైకాలజీ పద్ధతిలోనే చేసిన ఒక ప్రయోగం చెబుతుంది.

కార్లా హాఫ్, ప్రియాంక పాండే అనే ఇద్దరు పరిశోధకులు ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో 321 మంది అగ్రకుల బాలురకు, 321 మంది దళిత బాలురకు కాగితం మీద చిక్కుదారుల పజిళ్లు ఇచ్చారు. కులం ప్రస్తావన లేనప్పుడు రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. పిల్లల పేర్లతో పాటు కులాన్నీ అందరి ముందు పైకి చదివాక దళిత బాలుర ఫలితం బాగా పడిపోయింది. పజిళ్లు అవే. మారింది గదిలోని పరిస్థితి. ఈ ఫలితాలు 2006లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో వచ్చాయి. ఒక్క ప్రయోగంతో అంతా తేలిపోదు, నిజమే. కానీ ‘మెరిట్ లేదు’ అనేవాళ్లను ఒక మాట అడిగే హక్కు ఇది మనకిస్తుంది: మీరు కొలిచింది ఆ పిల్లవాడి బుర్రనా, అతని మీద మీరు పెట్టిన బరువునా?

కోర్సులో ‘ప్రజ్ఞ’ అనే అధ్యాయం వస్తుంది. తెలుగు పుస్తకాల్లో తెలివితేటలకు వాడే మాట అది. ప్రజ్ఞాలబ్ధి అంటే ఐక్యూ. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సైన్యం సుమారు 17 లక్షల మందికి ప్రజ్ఞా పరీక్షలు పెట్టింది. చదువు రానివాళ్ల కోసం చేసిన పరీక్షలో ఒక బొమ్మ టెన్నిస్ కోర్టు. అందులో లేనిదేమిటో గీయాలి. నెట్ గీయాలన్నమాట. టెన్నిస్ ఎన్నడూ చూడని వలస కూలీ ఏం గీస్తాడు? ఆ లెక్కలతోనే కార్ల్ బ్రిగ్‌హామ్ 1923లో జాతుల హెచ్చుతగ్గుల మీద పుస్తకం రాశాడు. 1930లో తన నిర్ధారణలు నిలబడవని తానే ఒప్పుకున్నాడు. కానీ ఆలోగా, 1924లోనే, వలసలను అడ్డుకునే చట్టం వచ్చేసింది.

ఇదే ‘ప్రజ్ఞ’ అన్న మాట బాబాసాహెబ్ నోట మనం మరోలా విన్నాం. ఆయన దాన్ని కరుణతో, సమతతో కలిపి చెప్పారు. ఆ ప్రజ్ఞ ఒకడు ఇంకొకడి కంటే ఎంత ఎక్కువో చెప్పే అంకె కాదు. మూఢనమ్మకాన్ని ప్రశ్నించే తెలివి. పరీక్షలో కోర్సు అర్థమే రాయండి. ఈ అర్థాన్ని మాత్రం మరిచిపోకండి.

ఇంకో ప్రశ్న: ఎవరి మనసు ఇది? జెఫ్రీ ఆర్నెట్ 2008లో అమెరికాలోని ప్రధాన సైకాలజీ పత్రికలను పరిశీలించాడు. ఆ అధ్యయనాల్లో పాల్గొన్నవారిలో 96 శాతం ప్రపంచ జనాభాలో 12 శాతమే ఉన్న పాశ్చాత్య పారిశ్రామిక దేశాలవాళ్లు. అంటే ‘మానవ స్వభావం’ అని రాసిన చోట చాలాసార్లు అక్కడి కాలేజీ పిల్లల స్వభావం అని చదువుకోవాలి. ఆత్మగౌరవం, ఒత్తిడి, మూర్తిమత్వం అనే అధ్యాయాలు వచ్చినప్పుడు మన బస్తీని పక్కన పెట్టుకుని చదవండి. మనిషిని అవమానించి, తర్వాత అతనికి ఆత్మన్యూనత ఉందని చెప్పడం తేలిక. రోగాన్ని అవమానపడ్డవాడిలో వెతికితే అవమానించినవాడు తప్పించుకుంటాడు. ‘కుల నిర్మూలన’లో బాబాసాహెబ్ కులాన్ని మానసిక స్థితిగా కూడా చూశారు. కాబట్టి చికిత్స కావాల్సిన మనసు ఎవరిదో మనం అడగాలి.

ఇక ఎలా చదవాలి? ఒంటరిగా వద్దు. స్క్రీన్ కులం అడగదు, కానీ మీ సందేహమూ వినదు. నలుగురైదుగురు కలిసి వారానికో రోజు కూర్చోండి. ఇంగ్లీషులో విన్న పాఠాన్ని ఒకరు తెలుగులో చెప్పండి, ఇంకొకరు హిందీలో చెప్పండి. సొంత మాటల్లో చెప్పలేకపోతున్నామంటే పాఠం ఇంకా అర్థం కాలేదన్నమాట. ప్రతి ప్రయోగానికీ నోటుబుక్కులో మూడు గీతలు గీయండి: ఎవరి మీద చేశారు, ఏ పరిస్థితిలో చేశారు, మళ్లీ చేస్తే అదే ఫలితం వచ్చిందా. మూడోది ఊరికే అనడం లేదు. 2015లో 100 సైకాలజీ అధ్యయనాలను తిరిగి చేసి చూస్తే సగం కూడా నిలబడలేదు. ప్రశ్నించడం ఈ శాస్త్రానికి ద్రోహం కాదు, శాస్త్రం అడిగేదే అది.

పరిచయ కోర్సు చదివి ఎవరికీ కౌన్సెలర్లమైపోవద్దు. మీ మనసు గానీ, స్నేహితుడి మనసు గానీ బాగా కుంగిపోతే టెలీమానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

చివరగా కాలేజీలకు ఒక మాట. ఆన్‌లైన్ కోర్సు ఉంది కదా అని సైకాలజీ అధ్యాపకుల పోస్టులు ఖాళీగా ఉంచితే ఊరుకోం. అందులో రిజర్వుడు పోస్టులున్నాయి. మన పిల్లలు పాఠం వినేవాళ్లుగానే కాదు, పాఠం తయారుచేసేవాళ్లుగా, ప్రయోగం చేసేవాళ్లుగా రావాలి. కొలబద్ద మన చేతికి వచ్చిన రోజున ఏం కొలవాలో, ఎందుకు కొలవాలో మనమూ నిర్ణయిస్తాం.

జై భీమ్, జై సత్‌నామ్.