ఇంజనుకును మూలప్రతి కావలెను
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ శుభసమయమున భారతమును గూర్చియో భాగవతమును గూర్చియో నేను మాటలాడుదునని మీలో పలువురు అనుకొని యుందురు. ఇరువదియైదేండ్లుగా ఈ వేదికపై నా నోట మీరు విన్నది అదియే. నేను కావ్యములను గురుముఖమున చదివినవాడను కాను. మా తండ్రిగారు కరణము. 1984లో కరణీకము రద్దయిన పిమ్మట మా యింట మిగిలినవి రెండు పెట్టెల పుస్తకములును, పద్దు వ్రాయు అలవాటును. ఆ రెండింటితోనే నాలుగక్షరములు నేర్చి, నేడు మన గ్రామపు లెక్కలు వ్రాసికొనుచున్నాను. అట్టివాడు కారు ఇంజనును గూర్చి ప్రసంగించుట చూచి నవ్వువారు నవ్వవచ్చును. నాకు మాత్రము ఇది నవ్వులాట కాదు. ఇందులో నా తప్పొకటి కలదు.

ఏడెనిమిది సంవత్సరముల క్రిందట మన వడ్రంగివారి అబ్బాయి (పేరు చెప్పను, వెనుక వరుసలో కూర్చుండి యున్నాడు) పట్టణమున మోటారు షెడ్డులో పనిచేయుచు, మట్టిబాటపై జరుగు కార్ల పందెములకు ఒక పాత మారుతి 800ను సిద్ధము చేయ బూనెను. ఒకనాడు గ్రంథాలయమునకు వచ్చి, "పంతులుగారూ, టెయిలరుగారి ఇంజను పుస్తకము రెండు సంపుటములున్నవట, తెప్పింతురా?" అని అడిగెను. చార్లెస్ ఫెయెట్ టెయిలరు అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఆచార్యుడు. ఆయన గ్రంథపు మొదటి సంపుటము 1960లోను, రెండవది 1968లోను వెలువడినవి. వెల చూచి కార్యవర్గము వెనుదీసినది. ఒక్క చందాదారుని కొరకు ఇంత సొమ్మా యని ముందుగా పలికినవాడను నేనే. ఆ తీర్మానము క్రింద నా చేవ్రాలు కలదు.

పుస్తకము దొరకని పిల్లవాడు నలుగురి నోటిమాటను నమ్ముకొనెను. కంప్రెషన్ నిష్పత్తిని 11కు పెంచినచో శక్తి పెరుగుననియు, 91 అంకె గల పెట్రోలు పోసిన చాలుననియు ఎవరో ఎక్కడనో చదివి చెప్పిరి. అతడు సిలిండరు హెడ్డును రాపించి, మన బంకులో దొరకు 91 పెట్రోలు పోసెను. రెండవ దినముననే ఇంజను రేకుడబ్బాలో గులకరాళ్లు వేసి ఆడించినట్లు మ్రోగి, ఒక పిస్టను నడినెత్తిన చిల్లిపడినది. ఆ సొమ్ము అతని తల్లి పాడిగేదెను అమ్మి యిచ్చినది. చిల్లిపడిన పిస్టనును చేత బట్టుకొని అతడు మా అరుగుమీద కూర్చున్న సాయంకాలమును నేను మరువలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. అనియున్న బాగుండెడిది.

అటుపిమ్మట మేమిద్దరమును ఆ మాట ఎచ్చట పుట్టినదో వెదకితిమి. పుట్టినచోటు అమెరికా. తప్పు అచ్చటివారిది కాదు. పెట్రోలు నిప్పురవ్వతో అంటుకొని క్రమముగా కాలవలెను. ఒత్తిడియు వేడియు మితిమీరినచో, మంట ఇంకను చేరని మూలనున్న వాయువు తనంత తానే ఒక్కుమ్మడి అంటుకొనును. దానినే మెకానిక్కులు నాకింగు అందురు. దానికి ఓర్చుకొను గుణమును కొలుచుటకే ఆక్టేన్ సంఖ్య. ఐసో ఆక్టేను అను ద్రవమునకు 100, హెప్టేనునకు 0. 91 అనగా ఆ రెండింటిని 91, 9 పాళ్లుగా కలిపిన మిశ్రమముతో సమానముగా నిలుచునది. అయితే కొలుచు పద్ధతులు రెండు. ఒకదానిలో పరీక్ష ఇంజను నిమిషమునకు 600 చుట్లు తిరుగును. రెండవదానిలో 900 చుట్లు, వేడియు హెచ్చు. మన దేశమున వాడుకలోనున్న అంకె మొదటి పద్ధతిది. అమెరికా బంకుపై వ్రాయునది రెండింటి సగటు. రెండవ పద్ధతిలో అంకె తక్కువగా వచ్చును గనుక, అచ్చటి 91 ఇచ్చట సుమారు 95, 96కు సమానము. అంకె ఒక్కటే, పెట్రోలు వేరు.

ఇది మనకు క్రొత్త సంగతియా? మన వైపు ఎకరమునకు 100 సెంట్లు, తెలంగాణమున 40 గుంటలు. సెంటు 48.4 చదరపు గజములు, గుంట 121. ప్రమాణము వ్రాయక "పది" అని మాత్రమే వ్రాసిన కాగితమును మా తండ్రిగారు చేత ముట్టెడివారు కారు. అశ్వశక్తి సంగతియు అంతే. ఇంగ్లీషువారి అశ్వశక్తి 745.7 వాట్లు, జర్మనులది 735.5. అమెరికా కంపెనీలు 1971 వరకు ఇంజనును ఫాను, సైలెన్సరు మొదలగునవి లేకుండ కొలిచిన పెద్ద అంకెను ప్రకటించెడివి. 1972 నుండి అవి యన్నియు తగిలించి కొలువసాగినవి. ఇంజను మారకున్నను అంకె తగ్గినది. ఈ భేదము తెలియనివాడు పాత పట్టికను చూచి భ్రమపడును.

లెక్కలవానికి ఇంపైన మాట యొకటి చెప్పెదను. యంత్రశాస్త్రమున అనేక అంకెలను మనమే సరిచూచుకొనవచ్చును. ఇంజను మెలితిప్పు బలమును, అనగా టార్కును, న్యూటను మీటర్లలో తీసికొని నిమిషపు చుట్లతో గుణించి 9549తో భాగింపగా కిలోవాట్లు రావలెను. 5000 చుట్లవద్ద 60 న్యూటను మీటర్లనిన 31.4 కిలోవాట్లు. ఆ చుట్లవద్దనే 40 అని వ్రాసినవాడు కొలువలేదు, కోరుకొన్నాడు. మారుతి 800 సిలిండరు వ్యాసము 68.5 మిల్లీమీటర్లు, పిస్టను నడక 72. గుణించి చూడగా ఒక్క సిలిండరునకు 265.3 ఘన సెంటీమీటర్లు, మూడింటికి 796. కంపెనీ అంకెతో సరిపోయినది. ఇక నిష్పత్తి 9 కావలెనన్న పిస్టను పైన మిగులు చోటు 33 ఘన సెంటీమీటర్లు, 11 కావలెనన్న 26.5. భేదము ఏడైనను లేదు. రెండు చిన్న చెంచాల నీరు కూడ కాదు. దానిని కంటి అంచనాతో రాపించుట యెట్లు? హెడ్డుపై గాజుపలక మూతవేసి, బ్యురెట్టుతో ద్రవము పోసి కొలువవలెను. కొలువవలెనని అతనికి చెప్పినవారు లేరు.

కొలిచి వ్రాసినవారు లోకమున లేకపోలేదు. ఇంగ్లండులో హేరీ రికార్డో మొదటి ప్రపంచయుద్ధానంతరము, నడుచుచుండగనే కంప్రెషన్ నిష్పత్తిని మార్చదగిన పరీక్ష ఇంజనును కట్టి, ఏ ఇంధనము ఎంత నిష్పత్తికి ఓర్చునో కొలిచెను. జపానులో సోయిచిరో హోండా మన అబ్బాయివలెనే షెడ్డులో పెరిగిన మెకానిక్కు. పిస్టను రింగులు చేయబోయి విఫలుడై, హమామట్సు సాంకేతిక పాఠశాలకు పోయి అడుగగా, లోహములో సిలికాన్ చాలలేదని తేలినది. అంతటితో తృప్తిపడక, ముప్పది దాటిన వయస్సున ఆ బడిలోనే కూర్చుండి లోహవిద్య వినెను. పరీక్షలు వ్రాయలేదు. పిదప టొయోటాకు చూపిన 50 రింగులలో నిగ్గుతేలినవి మూడే. 1961లో ఆయన మోటారుసైకిళ్లు ఐల్ ఆఫ్ మాన్ పందెములలో గెలిచినవి.

కావ్యములకు వ్యాఖ్యానము వ్రాయుచు, మూలము లేనిది వ్రాయనని పూనిక పట్టిన మల్లినాథసూరి మన తెలుగుగడ్డవాడే. బ్రౌనుదొర వేమన పద్యములకు వ్రాతప్రతులెన్నో కూర్చి, పండితులచేత పోల్పించెను. ఇంజనుకు మూలప్రతి ఏది? ఆ యింజనుకే తయారీదారు వ్రాసిన వర్క్‌షాపు మాన్యువలు. ఏ బోల్టును ఎంత బిగింపవలెనో, ఏ బేరింగునకు ఎంత సందు ఉండవలెనో అందు గాక మరెచ్చటను వెదకరాదు. అయితే పాత ప్రతి యెల్లప్పుడును మేలనుట చెల్లదు. 1960ల నాటి ట్యూనింగు పుస్తకములు సీసము కలిసిన పెట్రోలును తలచి వ్రాసినవి. అది మన దేశమున 2000లో నిలిచిపోయినది. నేడు మన పెట్రోలులో నూటికి 20 పాళ్లు ఎథనాలు. పెట్రోలు ఒక పాలు కాలుటకు బరువున 14.7 పాళ్ల గాలి కావలెను, ఎథనాలునకు 9 చాలును. నాటి కార్బురేటరు జెట్ల కొలతలు యథాతథముగా నేటికి పనికిరావు. షెడ్డులోని పెద్ద మేస్త్రీల మాటను నేను తక్కువచేయను. నాకింగు చప్పుడును చెవితో పట్టుట ఏ గ్రంథమును నేర్పలేదు. కాని అంకె చెప్పినప్పుడు మాత్రము, "ఎవరు కొలిచిరి, దేనితో, ఏ యింజనుమీద?" అని అడుగుట అవిధేయత కాదు.

ఆ అబ్బాయి మరల ఇంజను కట్టుటకు ఏడాది పట్టినది. ప్రతి కొలతయు, తేదీయు, కొలిచిన పనిముట్టును, అంకె ఎచ్చటనుండి తెచ్చెనో ఆ వివరమును ఒక పద్దుపుస్తకమున వ్రాసెను. గడులు నేను గీచి యిచ్చితిని. పందెమున బహుమతి రాలేదు. ఇంజను మాత్రము చివరివరకు నడిచినది. టెయిలరు సంపుటములను తన జీతముతోనే కొనుక్కొనెను. నిన్న ఆ రెండింటిని, పద్దుపుస్తకమును తెచ్చి మన గ్రంథాలయమునకు ఇచ్చివేసెను. పద్దుపుస్తకపు మొదటి పుటలో చిల్లిపడిన పిస్టను బొమ్మ కలదు.

అధ్యక్షులవారి యెదుట నాటి తీర్మానముల పుస్తకము ఉన్నది. రజతోత్సవ విరాళములలో మిగిలిన సొమ్మును సాంకేతిక గ్రంథములకు వినియోగించుటకును, నాటి తీర్మానమును రద్దు చేయుటకును నేనే ప్రతిపాదించుచున్నాను. బలపరచువారు చేయెత్తుడు.