గట్టోళ్లని చెప్పి వదిలెయ్యొద్దు
(ఘట్‌కేసర్ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉప్పల్, నాచారం కంపెనీల్లో డ్యూటీ దిగి నేరుగా వచ్చినవాళ్లు ఉన్నారు. ఎక్కువసేపు కూర్చోబెట్టం. ఇవాళ చనిపోయినోళ్ల గురించి కాదు, బతికినోళ్ల పిల్లల గురించి మాట్లాడుకుందాం.

1985 జులై 17న కారంచేడు మాదిగపల్లె మీద కమ్మ భూస్వాములు దాడి చేశారు. తాగే చెరువును మురికి చెయ్యొద్దన్నందుకు, కొట్టబోతే మున్నంగి సువార్త బిందె ఎత్తినందుకు ఆరుగురిని చంపారు. ఆడపిల్లల్ని చెరిచారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని నరికి, గోనెసంచుల్లో కట్టి కాలువలో పారేశారు. ఇది ప్రతి ఏడూ చెప్పుకుంటూనే ఉన్నాం. మరి ఆ రోజు తల్లి చెయ్యి పట్టుకుని చీరాల దారిన పరుగెత్తిన పిల్లలేమయ్యారు? ఆనాటి పదేళ్ల పిల్లకు ఇప్పుడు యాభై దాటింది. కడుపులో ఉన్న బిడ్డకు నలభై వచ్చింది. మోకాళ్లు నొస్తున్నాయి, బీపీ వచ్చింది. రాత్రి నిద్ర పడుతున్నదా అని ఎవరైనా అడిగామా?

దూరదేశం ముచ్చట ఒకటి చెప్తాం. హిట్లర్ పాలన 60 లక్షల మంది యూదుల్ని చంపింది. ఆ చావులకూ మన చావులకూ కొలత ఒకటి కాదు. కానీ బతికి బయటపడ్డవాళ్ల ఇండ్లల్లో జరిగింది మనకు తెలిసిందే. చాలామంది తల్లిదండ్రులు నోరు విప్పలేదు. తలుపు తడితే నాయిన ఎందుకు ఉలిక్కిపడతాడో తెలియకుండానే పిల్లలు పెరిగారు. ఈ పిల్లల బాధ గురించి 1960ల్లో కెనడా డాక్టర్లు రాశారు. తర్వాతి పరిశోధనల్లో ఇంకో సంగతి తేలింది. వాళ్లలో ఎక్కువమంది రోగిష్టులు కారు. చదివారు, కొలువులు చేశారు, పిల్లల్ని పెంచారు. అయితే పెద్ద జబ్బో, యుద్ధమో మీద పడ్డప్పుడు మాత్రం పాత గాయం మళ్లీ సలుపుతుంది. వాళ్లలో పెద్దోళ్లు ఇప్పుడు డెబ్బై దాటిన ముసలివాళ్లు.

వాళ్లకు ఆసరా ఎక్కడ దొరికింది? 1952లో పశ్చిమ జర్మనీ నష్టపరిహారానికి ఒప్పుకుని సంతకం పెట్టింది. 1961లో జెరూసలేంలో ఐక్‌మన్ అనే నాజీ అధికారి విచారణలో వందమందికి పైగా సాక్షులు లోకం ముందు నిలబడి చెప్పారు. అదంతా రేడియోలో విన్నాక ఎన్నో ఇండ్లల్లో నోళ్లు తెరుచుకున్నాయి.

మనకేం దొరికింది? కారంచేడు కేసు సుప్రీంకోర్టులో తేలేసరికి 2008 డిసెంబరు. అంటే 23 ఏండ్లు. ఒకరికి యావజ్జీవం, మరికొందరికి మూడేండ్లు. చుండూరు కేసులో ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ వదిలేసింది. చచ్చినోళ్లున్నారు, చంపినోడు మాత్రం లేడు! సాక్ష్యం చెప్పిన తల్లి ఆ తీర్పు విని ఇంటికొచ్చి బిడ్డలకేం చెప్పాలి?

అయినా మనోళ్లు పడిపోలేదు. ఎందుకని? "మాదిగోళ్లు గట్టోళ్లు" అని కొందరంటారు. పుట్టుకతో ఎవరూ గట్టోళ్లు కారు. కారంచేడు జనం తిరిగి ఆ ఊరికి పోం అన్నారు. చీరాల శిబిరంలో ఒకే గంజి తాగారు, విజయనగర్ కాలనీ కట్టుకున్నారు. అక్కడే దళిత మహాసభ పుట్టింది. బొజ్జా తారకం ప్రభుత్వ ప్లీడరు పదవి వదిలేసి వచ్చారు. చుండూరు వాళ్లు తమ శవాల్ని తమ ఊళ్లోనే పూడ్చుకుని ఆ చోటికి రక్తక్షేత్రం అని పేరు పెట్టారు, కోర్టునే ఊరికి రప్పించారు. ఆ పిల్లలు చూసి పెరిగింది దీన్ని కూడా. భయం ఒక్కటే వారసత్వంగా రాలేదు, కలిసి నిలబడటం కూడా వచ్చింది.

మన ఇండ్లు వేరా? మా తాత వెట్టి చేశాడు. దొర గడి గురించి అడిగితే "పొద్దు పోయింది, పండుకో బిడ్డా" అనేవాడు. బడికి పోయి చదువుకున్న మేం ఆ మాట రాసి పెట్టుకోకముందే ఆయన పోయాడు. ఆ తప్పు మాది.

అందుకని మూడు పనులు. ఒకటి, ప్రతి వాడలో చదువుకున్న పిల్ల ఒక నోట్‌బుక్కు పట్టుకుని ముసలోళ్ల దగ్గర కూర్చోవాలి. చెప్పనంటే బలవంతం వద్దు, మళ్లీ పోవాలి. రెండు, సభకు పిలిచి దండ వేసి పంపుడు కాదు, దవాఖానకు తోడు పోవాలి, పింఛను కాగితం పెట్టించాలి. మూడు, వాళ్ల పిల్లలకు ఆ రోజు ఏం జరిగిందో చెప్పేటప్పుడు, ఆ మర్నాడు మనోళ్లు ఏం చేశారో కూడా చెప్పాలి.

చనిపోయినోళ్లకు స్తూపాలు కట్టుకున్నాం. బతికినోళ్లకు మనమే ఆసరా.

జై భీమ్.