రెండు మన్నుల కుండ: బీటలకు కారణములు
(సంఘ సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



రాయపూరు నుండి బిలాస్‌పూరునకు పోవు మార్గమున ధర్సీవా ఉన్నది. నేడు ఆ ప్రాంతమనగానే సిల్తరా కర్మాగారములు జ్ఞప్తికి వచ్చును. కాని ఆ సీమ మొదటినుండియు వరిచేలది. ఛత్తీస్‌గఢ్ రైతు తన నేలలను నాలుగు పేర్లతో పిలుచును: ఎఱ్ఱని గరుకునేల భాటా, పసుపుపచ్చని తేలికనేల మటాసి, నల్లని బరువునేల కన్హార్, ఈ కడపటి రెంటికి నడిమిది డోర్సా. కన్హారు మన నల్లరేగడికి దగ్గరి చుట్టము.

కన్హారు బంకగలది, సారెపై చక్కగా సాగును. కాని తడిసిన ఉబ్బును, ఎండిన మిక్కిలి కుంచించుకొనును. మటాసి తక్కువ కుంచించును గాని దానికి పట్టు చాలదు. కావున ఇట్టి మన్నులను కలిపి వాడవలసి వచ్చును. కలిపిన కుండ బీటవాఱినంతనే మరికొంత ఇసుక చేర్చుట ఏ జ్వరమునకైనను ఒకే కషాయ మిచ్చుట వంటిది. బీట ఎచ్చట, ఎప్పుడు పుట్టెనో ముందు చూడవలెను.

అంచునుండి క్రిందికి దిగిన బీట, అంచు ముందుగా ఎండినదని చెప్పును. గాలి తగులకుండ అంచుపై తడిగుడ్డ కప్పిన చాలును. అడుగున పాము మెలికవంటి బీట కనబడిన, సారెపై అడుగును గట్టిగా నొక్కలేదనియో, లోపల నీరు నిలిచెననియో గ్రహింపవలెను. ఒక క్రమము లేక ఎల్లయెడల నెఱ్ఱెలు పుట్టిన, మన్నులు సరిగా కలియలేదన్నమాట. ముద్దను తీగతో కోసి చూడుడు. చారలు కనబడిన మరల పిసుకవలెను. రెండు మన్నులను విడివిడిగా ఎండబెట్టి, దంచి, జల్లించి, నీట నానవేసి, పలుచని అడుసుగా కలుపుట ఉత్తమము.

కాలిన కొన్నాళ్లకు పెచ్చు లేచి, లోపల తెల్లని చుక్క కనబడిన, అది సున్నపురాతి పలుకు. నల్లనేలలలో ఇట్టి పలుకులు తఱచు. ఆవములో సున్నమై, పిదప గాలిలోని తేమను పీల్చి ఉబ్బును. దీనికి సన్నని జల్లెడయే మందు. ఆవమును తొందరపడి విప్పిన, వేడి కుండకు చల్లగాలి తగిలి పగులుట వేఱొకటి.

పాళ్లు తెలియుటకు సులభమైన పరీక్ష గలదు. 1:1, 2:1, 1:2 చొప్పున కలిపి బద్దలు చేసి, పచ్చిగా నున్నపుడే ఒక్కొక్కదానిపై 10 సెంటీమీటర్ల గీత గీయుడు. ఎండిన పిమ్మట గీత 9 సెంటీమీటర్లైన, నూటికి 10 పాళ్లు కుంచించెనన్నమాట. వంచిన విరుగని ముద్దలలో తక్కువ కుంచించుదానిని ఎన్నుకొనవలెను. అప్పటికిని బీటలు తప్పకున్న, కాలిన పెంకుల పొడిని కొలిచి చేర్చవచ్చును.

ఇంత శ్రద్ధ ఏల యనిన, కాల్చకమునుపు బీటవాఱిన కుండను నీట వేసిన మరల మన్నగును. కాలిన పిమ్మట అది పెంకే. పోలా పండుగ ఎద్దులైనను, దీపావళి ప్రమిదలైనను, పండుగ దాటిన కొనువారుండరు. ఒక ఆవము చెడిన, మన్ను, కట్టెలు, ఇంటిల్లిపాది శ్రమ ఒక్కమాఱుగా పోవును. మొల్ల పుట్టిన కులవృత్తియని గర్వించు మనము, ఆ వృత్తిలోని ఈ కష్టమునుగూడ ఎఱుగుట న్యాయము. ఈసారి ప్రమిదలు బేరమాడునపుడు ఇది తలచుకొందుముగాక.