వేసవిలో కంప్యూటరు: ఓల్టేజీ, వేడిమి



పెద్దపంజాణి వంటి ఊరిలో ఒక వేసవి మధ్యాహ్నాన్ని ఊహించుకొనండి. ఎండలో నడచివచ్చిన ఒక తల్లి, కుమారుని ప్రవేశపరీక్ష దరఖాస్తు నింపించుటకు ఆన్‌లైన్ కేంద్రంలో కూర్చున్నది. ఆనాటితో గడువు ముగుస్తుంది. రుసుము చెల్లించబోయే సమయానికి కంప్యూటరు హఠాత్తుగా ఆగిపోయినది. కరెంటు పోలేదు, గోడమీది ఫ్యాను తిరుగుతూనే ఉన్నది. “ఓల్టేజీ సరిగా లేదు మా, స్టెబిలైజరు కొనల్ల” అన్నాడు దుకాణదారు.

ఆయన మాటలో కొంత నిజమున్నది. కాని ఆ ఓల్టేజీ వేరు, ఈ ఓల్టేజీ వేరు. గోడలోనుండి వచ్చే 230 ఓల్టుల విద్యుత్తును పెట్టెలోని పవర్ సప్లై 12 ఓల్టులకు దించుతుంది. మదర్‌బోర్డు దానిని ఇంకా తగ్గించి, సుమారు ఒక ఓల్టు, ఒకటిన్నర ఓల్టుల నడుమ ప్రాసెసరుకు అందిస్తుంది. ఈ చివరి ఓల్టేజీ ఎంత ఉండవలెనో నిర్ణయించేది ప్రాసెసరు, మదర్‌బోర్డుల ఏర్పాటే కాని స్టెబిలైజరు కాదు.

ఈ చిన్న సంఖ్యకు ఇంత ప్రాముఖ్యం ఎందుకు? పనివేగం మారకపోయినా, ప్రాసెసరు పనిలో ఖర్చయ్యే శక్తి ఓల్టేజీ వర్గాన్ని అనుసరించి మారుతుంది. ఓల్టేజీని నూటికి 10 వంతులు తగ్గించితే ఆ ఖర్చు నూటికి 19 వంతులు తగ్గుతుంది. ఖర్చయిన శక్తి అంతా వేడిగానే వెలువడుతుంది. పొయ్యిమీది పాలు పొంగకుండుటకు మంట తగ్గించుట ఒక మార్గం, గరిటెతో కలుపుట మరొక మార్గం. ఇక్కడ మంట ఓల్టేజీ, గరిటె ఫ్యాను.

మదనపల్లె, పుంగనూరు, పలమనేరు ప్రాంతం సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్నది గనుక మన ఎండ కోస్తా ఎండకంటె కొంత నయమే. అయినను రేకుల కప్పు క్రింద, గోడకు ఆనించిన పెట్టెలో ఆ మేలు నిలువదు. గది 10 డిగ్రీలు వేడెక్కితే, అదే పనిలో ఉన్న ప్రాసెసరు కూడా దాదాపు 10 డిగ్రీలు వేడెక్కుతుంది. నేటి ప్రాసెసర్లలో పెక్కింటికి హద్దు 95 లేదా 100 డిగ్రీలు. ఆ హద్దు చేరగానే ప్రాసెసరు తన వేగం తానే తగ్గించుకొంటుంది. అప్పటికీ వేడి తగ్గకపోతే, ప్రాణరక్షణకై ఆగిపోతుంది.

ఓల్టేజీ మితిమీరితే ఏమగునో లోకమంతా 2024లో చూచినది. ఇంటెల్ సంస్థ 13వ, 14వ తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్ని తరచుగా తడబడసాగినవి. లోపలి మైక్రోకోడ్ అవసరానికి మించిన ఓల్టేజీ కోరుట అందుకు ఒక ముఖ్యకారణమని ఆ ఏడాది జూలైలో సంస్థ ప్రకటించినది. ఆగస్టు, సెప్టెంబరు నెలలలో సవరణలు విడుదల చేసి, పూచీకాలం రెండేండ్లు పొడిగించినది. అయితే ఆ సవరణ రాబోయే హానిని ఆపునే గాని, అప్పటికే దెబ్బతిన్న ప్రాసెసరును బాగుచేయలేదు.

కనుక మనం చేయవలసినదేమి? మొదట యంత్రాన్ని ఆపి, ప్లగ్గు ఊడదీసి, ఫ్యాను రెక్కలు తిరగకుండా పట్టుకొని, ఎర్రమట్టి దుమ్మును బ్రష్షుతో తీయండి. పెట్టెకు, గోడకు నడుమ జానెడు ఎడముంచండి. ఏండ్ల తరబడి ఎండిపోయిన థర్మల్ పేస్టును మార్పించండి. బయాస్ సవరణను యూపీఎస్ ఉన్నప్పుడే చేయించండి. నడుమ కరెంటు పోతే మదర్‌బోర్డే పనికిరాకపోవచ్చును.

ప్రాసెసరు ఓల్టేజీ తగ్గించుట తెలిసినవారు చేయదగిన పని. అది కూడా కొంచెం కొంచెంగా, ప్రతిమెట్టున గంటలకొద్దీ పరీక్షించి చేయవలెను. తగ్గింపు హద్దు దాటితే యంత్రం ఆగిపోవుటయే కాదు, ఆగకుండనే తప్పులెక్క వేయవచ్చును. ఆగిపోయిన యంత్రం కంటికి కనబడుతుంది. తప్పిన అంకె కనబడదు. అందుచేత ఇతరుల పత్రాలు నింపే యంత్రంపై ఈ ప్రయోగం వలదు.

స్టెబిలైజరు కొనుటకు ముందు ఒక్కసారి పెట్టె మూత తీసి చూడండి. గడువునాడు వచ్చిన ఆ తల్లికి కావలసినది మరింత వేగంగల యంత్రం కాదు. పని ముగిసేవరకు ఆగని యంత్రం.